మూడు, నాలుగు తరగతుల పిల్లలతో ‘ఆరోగ్యకరమైన నగరం’ ప్రాజెక్టు: ముందు నమూనా చేయించాలా, ముందు వీధి చూపించాలా?

వేళచ్చేరి టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను వేళచ్చేరి ప్రాంతంలోని ఒక పాఠశాలలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు పరిసరాల విజ్ఞానం చెబుతాను. మాది గూడూరు దగ్గరి పల్లె. పెళ్ళయి చెన్నైకి వచ్చి పదహారేళ్ళయింది. నా దగ్గర ముప్పై నాలుగు మంది పిల్లలు ఉన్నారు. వారిలో పది పన్నెండు మంది ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారు, మిగిలినవారిలో ఎక్కువమంది తమిళులు. ఈ విడత మా యాజమాన్యం ఎనిమిది వారాలు, వారానికి నాలుగు పీరియడ్లు కేటాయించి, మనుషులు ఆరోగ్యంగా బతకగలిగే, నీరూ నేలా ముందు తరాలకు కూడా మిగిలే నగరాన్ని పిల్లల చేతనే రూపొందింపజేయమని నాకు అప్పగించింది. పని నాకు ఇష్టమైనదే. కానీ నిరుడు ఇదే పేరుతో జరిగిన ప్రదర్శన గుర్తుకు వస్తే భయం వేస్తోంది.

నిరుడు పిల్లలు తెచ్చిన నమూనాలన్నీ థర్మోకోల్ మీద కట్టినవే. నీలం కాగితంతో నది, పచ్చ స్పాంజి ముక్కలతో చెట్లు, ఒక మూలన గాలిమర. వాటిలో చాలావరకు తల్లిదండ్రులు రాత్రి పొద్దుపోయే దాకా మేలుకుని చేసినవని చూడగానే తెలిసిపోయింది. ఒక పాపను ‘ఈ నదిలోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయమ్మా?’ అని అడిగితే, ‘అది మా నాన్న అంటించారు టీచర్’ అని చెప్పింది. ఆ పాప తప్పేమీ లేదు. నది గురించి ఆలోచించే సందర్భాన్నే మేము ఆమెకు కల్పించలేదు. ప్రదర్శన ముగిశాక ఆ థర్మోకోల్ అంతా చెత్తబండిలోకి వెళ్ళింది.

ఈసారి అలా జరగనివ్వకూడదని నిశ్చయించుకున్నాను. అయితే ఎలా మొదలుపెట్టాలన్న దగ్గరే మా ఉపాధ్యాయులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ముందు పిల్లలను వీధిలోకి తీసుకువెళ్ళి, ఉన్న ఊరిని కొలిపించి, తర్వాతే ఊహించమనాలని కొందరంటున్నారు. ముందే కొలతలు, సమస్యలు చెబితే వారి ఊహ ఎండిపోతుందని, కాబట్టి మొదట స్వేచ్ఛగా కట్టనిచ్చి తర్వాత ప్రశ్నలు వేయాలని మరికొందరంటున్నారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలతో ఇటువంటి పని చేసినవారు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి.

ఇంకొక సంగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు నా తరగతిలోని కొందరి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చి రోజుల తరబడి నిలిచాయి. అప్పటికి వారు చాలా చిన్నవారు. అయినా ఇప్పటికీ మబ్బు పట్టితే కిటికీ వైపు చూస్తూ కూర్చునే పిల్లలు ఉన్నారు. నగరం గురించి మాట్లాడుతూ వరద గురించి మాట్లాడకుండా ఉండలేను. వారిని భయపెట్టకుండా ఆ మాట ఎలా ఎత్తాలో దయచేసి చెప్పండి.

మాంబళం విశ్రాంత ఇంజనీరు

అమ్మా, మీరు పని చేస్తున్న చోటును బట్టి చూస్తే మీ పాఠం నీటితోనే మొదలు కావాలి. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. వేళచ్చేరి చెరువు పొంగితే ఆ నీరు పళ్ళికరణై చిత్తడి నేలలోకి దిగుతుంది. దక్షిణ చెన్నైలోని అనేక చెరువుల మిగులు నీరు కూడా అక్కడికే చేరి, ఒక్కియం మడువు అనే నీటిపాయ మీదుగా బకింగ్‌హాం కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలోకి వెళ్తుంది. ఆ చిత్తడి నేలలో చాలా భాగం కట్టడాల కిందికీ, పెరుంగుడి చెత్తకుప్ప కిందికీ పోయింది. మిగిలినదానికి 2022లో, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మీ పిల్లల ఇళ్ళలోకి వచ్చిన నీరు దారి తప్పి వచ్చినది కాదు. తన పాత చోటికి వచ్చింది. ఈ ఒక్క సంగతి పిల్లలకు అర్థమైతే వరద అనేది చీకట్లోంచి వచ్చే భూతంలా కాకుండా, కారణం ఉన్న విషయంగా కనిపిస్తుంది. కారణం తెలిసినదాని గురించి పిల్లలు ధైర్యంగా మాట్లాడగలరని నా నమ్మకం.

నేను ఉండే మాంబళం కథ కూడా అదే. ఇవాళ టి.నగర్ అని పిలుచుకునే పేట 1920ల నుంచి పెద్ద చెరువు నేలను పూడ్చి వేసినది. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పేటకూ, పానగల్ రాజా పేరు పార్కుకూ మిగిలాయి, ఇద్దరూ తెలుగువారే. చెరువు పేరు మాత్రం పడమటి మాంబళంలో ‘లేక్ వ్యూ రోడ్డు’ అన్న వీధి పేరులో మిగిలింది. అక్కడ నిలబడి చూస్తే చెరువు కనిపించదు. మీ పిల్లల చేత వారి వారి వీధుల పేర్లు రాయించి, వాటిలో నీటిని సూచించే పేర్లు ఎన్ని ఉన్నాయో వెతికించండి. ఇక్కడొక చిన్న మాట: తమిళంలో ‘ఏరి’ అంటే చెరువు, మనకు ‘ఏరు’ అంటే పారే నది. తెలుగు ఇళ్ళ పిల్లలు ఈ రెంటినీ ఒకటిగా అనుకుంటారు. నా మనవడు చాలాకాలం అలాగే అనుకున్నాడు. ఆ తేడా చెప్పడమే ఒక మంచి పాఠం అవుతుంది.

తరగతిలో చేయగలిగిన పనులు చెబుతాను. మేస్త్రీలు పునాది మట్టం చూడడానికి వాడే పారదర్శకమైన సన్న గొట్టం ఒకటి కొనండి. దానిలో నీళ్ళు నింపి, రెండు కొసలను బడి ఆవరణలో రెండు చోట్ల పట్టుకుంటే, నీటి మట్టాన్ని బట్టి ఏ చోటు ఎత్తో, ఏది పల్లమో చిన్నపిల్లలు కూడా కొలవగలరు. అలా పది పన్నెండు చోట్ల కొలిచి నేల మీద సుద్దముక్కతో రాస్తే ఆవరణ మొత్తానికి ఒక పటం తయారవుతుంది. ఆపైన ఒక బిందెడు నీళ్ళు ఎత్తైన చోట పోసే ముందు, అవి ఎటు పోతాయో ఊహించి చెప్పమనండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ బడి మేడ 400 చదరపు మీటర్లు ఉంటే, ఒక్క రోజు 50 మిల్లీమీటర్లు కురిసినప్పుడు 20,000 లీటర్లు పడినట్టు. వేసవిలో మీ వీధికి వచ్చే నీళ్ళ లారీ 12,000 లీటర్లదైతే అది ఎన్ని లారీలకు సమానమో నాలుగో తరగతి పిల్లలు లెక్క కట్టగలరు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనంలోనూ వాన నీటిని నేలలోకి ఇంకించే ఏర్పాటు తప్పనిసరి. మీ బడిలో ఆ గుంట ఎక్కడుందో, అది పని చేస్తోందో లేదో పిల్లల చేతనే వెతికించండి.

మీరు గూడూరు వారు కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఈ ఊరి కుళాయిల్లోకి వచ్చే నీటిలో కొంత మీ జిల్లా మీదుగా వచ్చినదే. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం వల్ల శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల మీదుగా కండలేరుకు వచ్చిన కృష్ణ నీరు, అక్కడి నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరుతుంది. మొదటిసారి 1996లో వచ్చింది. అన్ని వందల కిలోమీటర్ల అవతలి నీటిని తెచ్చుకునే నగరం, 2019 వేసవిలో జలాశయాలు ఎండి, జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెప్పించుకుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2015 డిసెంబరులో, ఇదే నగరం అడయారు వరదలో మునిగింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ‘ఎందుకిలా?’ అని అడగండి. మీ నుంచి జవాబు రాకపోయినా పరవాలేదు.

పెరంబూరు బడి

నమస్కారం టీచర్ గారూ. నేను ఇరవై రెండేళ్ళుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. ఇంజనీరు గారు చెప్పినవన్నీ విలువైనవే. కానీ వరుస విషయంలో నా అభిప్రాయం వేరు. ముందు కట్టనివ్వండి.

అమెరికాలో డోరీన్ నెల్సన్ అనే విద్యావేత్త 1969లో లాస్ ఏంజెలిస్ ప్రాంతపు పాఠశాలల్లో నగర నిర్మాణం ద్వారా చదువు చెప్పే పద్ధతిని మొదలుపెట్టారు. ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ ఆమె అన్నగారు. ఆ పద్ధతిలో ఒక ప్రాంతపు పటాన్ని ముక్కలుగా కోసి ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క స్థలం ఇస్తారు. పాఠం చెప్పకముందే, ఇంతవరకు ఎవరూ చూడనిదాన్ని తమకు తోచినట్టు కట్టమంటారు. ఆ తర్వాతే లోకంలో అటువంటివి ఎలా ఉన్నాయో చూపించి, తమ దాన్ని సరిదిద్దుకోమంటారు. తమ చేతితో కట్టినది సరిగా నిలబడకపోతేనే పిల్లకు పుస్తకం అవసరం కలుగుతుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

నేను మూడేళ్ళ క్రితం ఇదే చేశాను. పెద్ద చార్టును ముప్పై ముక్కలు చేసి పంచాను. పాత అట్టపెట్టెలు, అగ్గిపెట్టెలు, వార్తాపత్రికలు, కొబ్బరి చిప్పలు, బంకమట్టి తప్ప ఇంకేమీ వాడకూడదని, ఏదీ కొనకూడదని, ఇంటికి తీసుకువెళ్ళకూడదని నియమం పెట్టాను. అమెరికాలోనే పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ‘ఫ్యూచర్ సిటీ’ అన్న పోటీ ఉంది. అందులో నమూనాను వాడి పారేసిన వస్తువులతోనే చేయాలి, మొత్తం విలువ వంద డాలర్లు దాటకూడదు. మా బడికి నేను ఆ వందను సున్నా చేశాను. తల్లిదండ్రుల చేతులు నమూనాకు దూరంగా ఉండాలంటే అది బడి గడప దాటకుండా ఉండడమే ఉపాయం.

మూడో రోజున ముక్కలన్నీ నేల మీద కలిపి పెట్టాం. ముప్పై ఇళ్ళు వచ్చాయి. దారి ఎవరూ వదలలేదు. చెత్తకు చోటు లేదు. ఒక బాబు కట్టిన ఈతకొలను పక్కవారి స్థలంలోకి పొడుచుకు వచ్చింది. ఆ పూట తరగతిలో జరిగిన వాదన నాకు ఇప్పటికీ గుర్తుంది. దారి వదలడానికి ఎవరు తమ స్థలంలో ఎంత ఇవ్వాలన్నది తేల్చుకోవడానికి వారికి నాలుగు రోజులు పట్టింది. ‘అందరూ జానెడు ఇస్తే సరిపోతుంది’ అని ఒక పాప అంటే, ‘జానెడు దారిలో అంబులెన్స్ పట్టదు’ అని ఇంకొకరు అన్నారు. అప్పుడు, నేను చెప్పకుండానే, ‘నిజం రోడ్డు ఎంత వెడల్పు ఉంటుంది టీచర్?’ అని అడిగారు. మరునాడు టేపు పట్టుకుని వీధిలోకి వెళ్ళాం. ముందే వీధికి తీసుకువెళ్ళి ఉంటే ఆ టేపు నా అవసరంగా ఉండేది. అప్పుడది వారి అవసరమైంది.

ఇంకొక కారణం కూడా ఉంది. ముందు సమస్యలు చూపిస్తే పిల్లలు మనం చూపినవాటినే చూస్తారు. స్వేచ్ఛగా కట్టమన్నప్పుడు ఒక బాబు బస్టాండు పక్కన చిన్న నీడ కట్టి, దాని కింద మంచాలు పెట్టాడు. అదేమిటని అడిగితే, వాళ్ళ నాన్న రాత్రిపూట ఆటో నడుపుతారని, మధ్యాహ్నం ఎండలో ఆటోలోనే పడుకుంటారని చెప్పాడు. నగర ప్రణాళికల మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఆటోడ్రైవర్ల నిద్ర గురించి చూడలేదు.

అన్నానగర్ వైద్యురాలు

ఈ చర్చలో ‘ఆరోగ్యకరమైన’ అన్న మాట వెనక్కి పోకూడదని రాస్తున్నాను. పిల్లలను ఆరోగ్యకరమైన నగరం కట్టమంటే మొదట పెద్ద ఆసుపత్రి కడతారు. అది సహజమే. ఆ ఆసుపత్రిని తీసేయమనకండి; ‘ఇక్కడికి వచ్చేవారికి జబ్బు ఎక్కడ అంటింది?’ అని అడగండి చాలు. ఆ ప్రశ్న వారిని నీళ్ళ తొట్టె దగ్గరికి, వీధి మలుపు దగ్గరికి, ఎండలో నిలబడే బస్‌స్టాప్ దగ్గరికి నడిపిస్తుంది.

చెన్నైకి దోమ మంచి పాఠ్యపుస్తకం. డెంగీ దోమ మురుగులో కాకుండా పూలకుండీ పళ్ళెంలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది. మన నగరంలో మలేరియా తెచ్చే దోమ మేడ మీది మూతలేని ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక, వారానికి ఒకసారి నీళ్ళు పారబోస్తే ఆ వరుస తెగిపోతుంది. ప్రతి శుక్రవారం ఇద్దరు పిల్లలు బడి ఆవరణ అంతా తిరిగి, నీరు నిలిచిన చోట్లు లెక్కపెట్టి గోడ మీద రాస్తే, ఎనిమిది వారాల్లో ఆ అంకె తగ్గడం వారి కళ్ళ ముందే కనిపిస్తుంది. ఇంజనీరు గారు చెప్పిన ఇంకుడు గుంటలకూ, పెరంబూరు టీచర్ గారి కొబ్బరి చిప్పలకూ కూడా ఇది వర్తిస్తుంది. చిప్పలను వానలో వదిలేయవద్దని ప్రత్యేకంగా మనవి.

నడక విషయానికి వస్తే, రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ ప్రకారం నివాస ప్రాంతాల్లో కాలిబాటకు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. పిల్లలకు ఆ పొడవు తాడు ఇచ్చి, బడి నుంచి మూలమలుపు దాకా అది ఎక్కడెక్కడ పడుతుందో, ట్రాన్స్‌ఫార్మర్, బండి, చెట్టు, చెత్తతొట్టి ఎక్కడ అడ్డు వచ్చాయో గుర్తు పెట్టమనండి. తర్వాత 95 సెంటీమీటర్ల కర్ర ఒకటి ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ళ బిడ్డ ఎత్తు దాదాపు అంతే. నెదర్లాండ్స్‌కు చెందిన బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ ‘అర్బన్95’ అన్న కార్యక్రమానికి ఆ పేరు పెట్టింది అందుకే. మీ పిల్లలు వంగి ఆ ఎత్తు నుంచి వీధిని చూస్తే, తమ చిన్న తమ్ముడికి ఆగి ఉన్న బండ్ల వెనక ఏమీ కనిపించదని, వాహనాల పొగ గొట్టాలు పెద్దవారికంటే వాడి ముఖానికి దగ్గరగా ఉంటాయని వారికే తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల తనకంటే చిన్నవారి కోసం ఆలోచించే వయసులో ఉంటుంది. ఆ వయసును మనం వాడుకోవాలి.

చెట్ల విషయంలో 2021లో సెసిల్ కోనైనెండైక్ అనే నగర వన నిపుణుడు ప్రతిపాదించిన 3, 30, 300 అన్న సూత్రం పిల్లలకు నోటికి వచ్చేస్తుంది. ప్రతి ఇంటి నుంచి మూడు చెట్లు కనిపించాలి, పేటలో ముప్పై శాతం నేల మీద చెట్ల నీడ ఉండాలి, మూడు వందల మీటర్లలోపు పార్కు ఉండాలి. మూడు చెట్లు కనిపిస్తాయా అన్నది ప్రతి పిల్లా ఆ సాయంత్రమే ఇంటి కిటికీలోంచి చూసి చెప్పగలదు. ఏ చెట్టు నాటాలో మాట్లాడేటప్పుడు 2016 వర్ధా తుఫానును కూడా గుర్తు చేయండి. వేల చెట్లు పడిపోయిన ఆ రోజు గురించి ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోమనండి.

ఒక జాగ్రత్త. గాలి కాలుష్యం చూపిస్తామని అట్టకు వాసెలిన్ పూసి రోడ్డు పక్కన వేలాడదీయడం చాలా బళ్ళలో చేస్తారు. దానికి అంటుకునేది కంటికి కనిపించే పెద్ద దుమ్ము. ఊపిరితిత్తుల లోపలికి వెళ్ళే సన్నని కణాలు దానిలో కనిపించవు. చేయించండి, కానీ ఆ తేడా చెప్పండి. చిన్నపిల్లలు కదా అని సగం నిజం చెబితే అది వారి మనసులో చాలాకాలం ఉండిపోతుంది.

తుఫాను సంగతి: ఎవరి ఇల్లు మునిగిందని తరగతిలో చేతులు ఎత్తించకండి. చెప్పాలనుకున్న పిల్లలు తామే చెబుతారు. చెప్పినప్పుడు మధ్యలో ఆపకుండా వినండి, ‘అప్పుడు నీకు ఎవరు సాయం చేశారు?’ అని అడగండి. ఆ రోజుల్లో మేడ మీదికి పిలిచిన పొరుగువారు, అన్నం పంపినవారు, పడవ తెచ్చినవారు వారి జ్ఞాపకంలో ఉంటారు. వారినీ నగర నమూనాలో చేర్చమనండి.

తిరువాన్మియూరు నాన్న

మీరందరూ మంచి మనసుతో రాస్తున్నారని తెలుసు. అయినా ఒక తండ్రిగా నా అనుమానం చెప్పాలి. మా పెద్దమ్మాయి వేరే బడిలో నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఇటువంటి ప్రాజెక్టే చేశారు. బడి ముందు రోడ్డు దాటడం ప్రమాదంగా ఉందని పిల్లలు బండ్లు లెక్కపెట్టి, పటం గీసి, జీబ్రా గీతలు వేయమని సంబంధిత కార్యాలయానికి ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. అమ్మాయి నెల రోజులపాటు రోజూ ఇంటికి రాగానే ‘ఉత్తరం వచ్చిందా నాన్నా?’ అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. ఆ మానేయడమే ఆమె ఆ ప్రాజెక్టు నుంచి నేర్చుకున్నదని నాకు అనిపించింది. పెద్దవారే కట్టలేని నగరాన్ని కలగనమని పిల్లలకు చెప్పి, ఆ కలను అటక మీద పెట్టడం వారికి మేలు చేస్తుందా? ఆ ముప్పై రెండు పీరియడ్లలో చదవడం, లెక్కలు గట్టిగా వస్తే ముందు ముందు వారే ఇంజనీర్లై కట్టుకుంటారు కదా?

పెరంబూరు బడి

అయ్యా, మీ అమ్మాయి సంగతి చదివి బాధ కలిగింది. మీ అనుమానాన్ని తోసిపుచ్చను. లెక్కల మాట మాత్రం ఒప్పుకోలేను. జానెళ్ళు, మీటర్లు, లీటర్లు, లారీలు అన్నీ లెక్కలే. దారి కోసం జరిగిన తగువులో మా పిల్లలు వైశాల్యం అన్న మాట తెలియకుండానే వైశాల్యం లెక్క కట్టారు.

ఉత్తరం విషయంలో మీరు చెప్పినదే అసలు ప్రశ్న. పిల్లలకు తమ జీవితాన్ని తాకే విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు, ఆ అభిప్రాయానికి తగిన విలువ పొందే హక్కు ఉన్నాయని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణం చెబుతుంది. 1992లో భారతదేశం దానిలో చేరింది. 1970లలో కెవిన్ లించ్ అనే నగర ప్రణాళికా పండితుడు యునెస్కో తరఫున వివిధ దేశాల్లో పిల్లలతో వారి పేటల పటాలు గీయించారు. 1990లలో ఆ పనిని మళ్ళీ ఎత్తుకున్నప్పుడు బెంగళూరులోని సత్యనగర్ అనే బస్తీ కూడా అందులో ఉంది. అక్కడి పిల్లలు తమ పేట గురించి స్పష్టంగా చెప్పారు. అయితే పిల్లల మాట సేకరించడం కన్నా దాన్ని పనిగా మార్చడమే కష్టమని, అడ్డంకులు పిల్లల వైపు నుంచి కాక పెద్దల సంస్థల నుంచి వచ్చాయని ఆ పని చేసినవారే తర్వాత రాశారు. అంటే మీ ఇంట్లో జరిగినది పెద్ద పెద్దవారికి కూడా జరిగింది.

అందుకని నేను ఇప్పుడు ఒక నియమం పాటిస్తాను. పిల్లల చేత ప్రశ్న అడిగించే ముందే, జవాబు చెప్పే మనిషిని నేను వెతికి ఒప్పించుకుంటాను. ఆ మనిషి పెద్ద అధికారి కానక్కరలేదు. ప్రధానోపాధ్యాయురాలు చాలు, బడి పక్క అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి చాలు. ‘కుదరదు’ అని చెప్పినా సరే, పిల్లల ముందు నిలబడి కారణం చెప్పాలి. మౌనం మాత్రం ఉండకూడదు.

వేళచ్చేరి టీచర్

మీ అందరికీ ధన్యవాదాలు. రెండు రాత్రులు ఈ సమాధానాలు మళ్ళీ మళ్ళీ చదివాను. తిరువాన్మియూరు నాన్నగారూ, మీ అమ్మాయి అడగడం మానేసిన సంగతి నన్ను అన్నింటికంటే ఎక్కువగా కదిలించింది. అందుకే మొదట మా ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి వెళ్ళాను. బడి వెనక చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఎప్పుడూ నీరు నిలిచి, పాచి పట్టిన నేల ఒకటి ఉంది. ఆ నేలను పిల్లల ఆలోచన ప్రకారం మారుస్తామని, ఏది కుదురుతుందో ఏది కుదరదో తానే తరగతికి వచ్చి చెబుతానని ఆవిడ మాట ఇచ్చారు. నగరం మొత్తం నమూనాలో ఉంటుంది. మారేది మాత్రం ఆ నేల.

వరుస విషయంలో నాకు తోచినది ఇది. మొదటి వారం పెరంబూరు టీచర్ గారు చెప్పినట్టు ఏమీ చెప్పకుండా కట్టనిస్తాను. థర్మోకోల్ ఉండదు, అట్ట, బంకమట్టి, పాత స్పాంజి. వారం చివర ఆ నగరాన్ని పెద్ద రేకు పళ్ళెంలోకి ఎత్తించి, పిల్లల చేతనే మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో వాన కురిపిస్తాను. ఏ ఇల్లు తడిసిందో, నీళ్ళు ఎక్కడ ఆగాయో చూశాక రెండో వారం గొట్టంతో, తాడుతో, 95 సెంటీమీటర్ల కర్రతో బయటికి వెళ్తాం. తిరిగి వచ్చి మళ్ళీ కడతాం, మళ్ళీ వాన కురిపిస్తాం. మార్కులు నమూనా అందానికి ఉండవు. మొదటి వానకూ చివరి వానకూ మధ్య ఏమి మార్చారో, ఎందుకు మార్చారో తమ మాటల్లో చెప్పడానికే ఉంటాయి. తెలుగులో చెప్పినా, తమిళంలో చెప్పినా ఒకటే.

తుఫాను మాట నేను ఎత్తకముందే వచ్చింది. నిన్న పాత అట్టపెట్టెలు తెమ్మని చెబుతుంటే ఒక బాబు లేచి, తన ఇంటి గోడ మీద నీళ్ళ గీత ఇంకా ఉందని, వాళ్ళమ్మ రెండుసార్లు సున్నం వేసినా పోలేదని చెప్పాడు. ఎంత ఎత్తు ఉంటుందని అడిగితే తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. డాక్టర్ గారు చెప్పినట్టు, ఎవరు సాయం చేశారని అడిగాను. పై అంతస్తులోని వారు వాళ్ళ పిల్లిని కూడా తీసుకువెళ్ళారట. తరగతి అంతా ఆ పిల్లి గురించి అడిగింది. తర్వాత వెనక బెంచీలోంచి ఒక పాప ‘టీచర్, మన బడి ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా?’ అంది. కొలిచి చెబుదామన్నాను.

ఇంజనీరు గారూ, ఆ గొట్టంతో కొలవడం నేను ఎన్నడూ చేయలేదు. వీలైతే వచ్చే గురువారం ఉదయం ఒక్క పీరియడ్ వచ్చి చూపించగలరా?

మాంబళం విశ్రాంత ఇంజనీరు

తప్పకుండా వస్తాను అమ్మా. తొమ్మిదింటికి అక్కడ ఉంటాను. నా దగ్గర పది మీటర్ల గొట్టం ఉంది, దాన్నే తెస్తాను. మీరు రెండు కొలబద్దలు, ఒక బకెట్టు నీళ్ళు, కొంచెం పసుపో కుంకుమో సిద్ధంగా ఉంచండి. నీళ్ళకు రంగు ఉంటే మట్టం దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే కొలత తప్పు వస్తుంది కాబట్టి, బుడగలు పట్టుకునే పనికి ఇద్దరు చురుకైన పిల్లలను ముందే నియమించండి. మొదటి కొలత గేటు దగ్గర తీసుకుందాం. ఆ బాబు ఇల్లు బడికి దగ్గరైతే, వాళ్ళమ్మగారు ఒప్పుకుంటే, గోడ మీది గీత దాకా కొలుచుకుంటూ వెళ్ళవచ్చు. దూరమెక్కువైనా గొట్టాన్ని పది పది మీటర్లుగా జరుపుకుంటూ పోవచ్చు, సమయం మాత్రం రెండు పీరియడ్లు పడుతుంది.